ఇవ్వం అంటే, ఇవ్వం అని రాసివ్వండి: మా అన్న బిడ్డ పౌరసత్వం గోస

చిన్నబాపు_హన్మకొండ
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పొడుగ్గా రాస్తున్నాను, కోపంలో రాస్తున్నాను, సర్దుకోండి. ఏ ఆఫీసు పేరూ రాయను, ఏ దేశమో కూడా రాయను. రేపు మళ్లీ అదే కౌంటర్ ముందు నిలబడాల్సింది నేనే కదా.

మా అన్నా వదినా గల్ఫ్‌లో ఉండగా 2009లో పాప పుట్టింది. అప్పటికే ఇద్దరి అకామాలూ (అక్కడ ఉండే పర్మిట్లు) అయిపోయాయి, పాస్‌పోర్టులు కఫీల్ (పనికి పిలిపించుకున్న స్పాన్సర్) దగ్గర ఉండిపోయాయి. ఆస్పత్రివాళ్లు అరబ్బీలో ఒక కాగితం ఇచ్చారు, అంతే. దాని మీద అక్కడి సర్కారు బర్త్ సర్టిఫికెట్ తీయాలంటే వీసా చూపించాలి, లేని వీసా గురించి అడగబోతే జైలు. తర్వాత ఆమ్నెస్టీ, అంటే వీసా లేనివాళ్లకు క్షమాభిక్ష, వచ్చినప్పుడు ముగ్గురూ మన ఎంబసీ ఇచ్చిన ఔట్‌పాస్ మీద ఇంటికి చేరారు. పాపకు అప్పుడు మూడేళ్లు దాటాయి. 2019లో అన్న కిడ్నీలు పాడై చనిపోయాడు. వదిన ఊళ్లో బీడీలు చుడుతుంది. పాప గురుకులంలో చదువుకుంది, టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయి, ఇప్పుడు ఇంటర్ బైపీసీ.

పాపకు ఆధార్ ఉంది. రేషన్ కార్డులో పేరుంది. కులం సర్టిఫికెట్, టెన్త్ మెమో, బస్ పాస్, అన్నీ ఉన్నాయి. సైన్స్ ఫెయిర్‌లో బాగా చేసిందని వాళ్ల సారు, "ఎప్పుడైనా బయటి దేశం తీసుకుపోయే అవకాశం వస్తే ఆగమాగం కావద్దు, పాస్‌పోర్ట్ ముందే చేసి పెట్టుకోండి" అన్నాడు. మంచికే అన్నాడు. అక్కడ మొదలైంది.

పాస్‌పోర్ట్ కౌంటర్లో: "పుట్టింది బయటి దేశంలో కదా, ఎంబసీలో రిజిస్టర్ చేశారా?" లేదు. ఎంబసీకి మెయిల్ పెడితే: "పాప పాస్‌పోర్ట్ కాపీ జతచేయండి." అది లేకనే కదా సార్ మీకు రాసింది. జనన మరణాల సెక్షన్‌లో: "ఇక్కడ పుట్టలేదు, మాకు సంబంధం లేదు." సరే, రిజిస్టర్‌లో పేరు లేదనే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అయినా ఇవ్వండి అంటే ఆ గుమస్తా చెప్పిన మాట రాసి పెట్టుకున్నాను: "ఇక్కడ పుట్టి రిజిస్టర్‌లో లేకపోతే లేదని ఇస్తాం. మీ పాప ఇక్కడ పుట్టనే లేదు కాబట్టి లేదని కూడా ఇవ్వలేం." జిల్లా ఆఫీసులో: "ఇది సెంట్రల్‌ది." ఒక పెద్దాయన అయితే నిమ్మళంగా, "పాపను ఒకసారి ఆ దేశం పంపించి అక్కడ చేయించుకుంటే అయిపోతది గదా" అన్నాడు. ఏ పాస్‌పోర్ట్ మీద పంపాలి సార్ అంటే ఫ్యాన్ దిక్కు చూశాడు.

ఏడు నెలలైంది. ఒక్కరు కూడా కాగితం మీద ఒక్క ముక్క రాసివ్వలేదు. వచ్చే సోమవారం ప్రజావాణి ఉంది, జనం అర్జీలు తీసుకునే రోజు. ఈ కాగితాలన్నీ దండలా గుచ్చి మెడలో వేసుకొని మెట్ల మీద కూర్చుంటాను. ఎవరైనా వస్తారా? లేక ఇంకేదైనా దారి ఉందా?

సూటిగా_మాట
సోమవారం, రాత్రి 11:15

బ్రదర్, బాధ అర్థమైంది కానీ వీసా అయిపోయాక అక్కడ ఉండటం తప్పు, పుట్టిన వెంటనే రిజిస్టర్ చేయించకపోవడం ఇంకో తప్పు. రెండు తప్పులూ చేసి ఇక్కడి ఆఫీసులను తిడితే ఎలా? అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తే చట్టం ఎందుకు.

ఖల్లీవల్లి_2011
మంగళవారం, ఉదయం 1:05

సూటిగా అన్నా, నువ్వు ఎన్నడైనా పోయినవా అటు? నేను డ్యూటీ దిగి బస్సులో కూర్చొని రాస్తున్నాను. మా వేములవాడ దిక్కు ఏజెంట్ ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు అని అమ్మాడు, ఇల్లు దాటకముందే లక్షన్నర అప్పు, వడ్డీ నూటికి మూడు. దిగంగనే కఫీల్ పాస్‌పోర్ట్ గుంజుకున్నాడు. చెప్పిన పని లేదు, చెప్పిన జీతం లేదు. బయటపడితే పారిపోయాడని వాడే కేసు పెడతాడు. అట్లయినవాళ్లనే మేం ఖల్లీవల్లి అంటాం. నా పేరు చూసి నవ్వేవాళ్లు ఉంటారు, నేను రెండేళ్లు అట్లనే బతికాను.

అట్లా ఉన్నప్పుడు ఆడమనిషికి కడుపైతే ఆస్పత్రికి పోవాలన్నా భయమే. పోలీసు గుమ్మం ముందుంటాడేమోనని నొప్పులు వచ్చేదాకా రూంలోనే ఉంటారు. ఇక ఎంబసీకి పోయి రిజిస్టర్ చేయించే ధైర్యం ఎవరికి? వాళ్లంతా ఎదురుచూసేది ఆమ్నెస్టీ కోసం. యూఏఈలో 2012 డిసెంబర్ నుంచి 2013 ఫిబ్రవరి దాకా ఒకటి, 2018లో ఒకటి, 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకటి ఇచ్చారు. జరిమానా లేకుండా వెళ్లిపోనిస్తారు. అప్పుడు మన ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌నే అందరూ ఔట్‌పాస్ అంటారు, ఒక్కసారి ఇంటికి రావడానికే పనికొస్తుంది.

ఇంకోటి. అక్కడ పుట్టినంత మాత్రాన ఆ దేశపోడు అయిపోడు. మా రూం పక్కన ఒక కేరళ ఆయన ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాడు, పిల్లలు అక్కడే పుట్టారు, అకామా అయిపోతే ఆ పిల్లలు కూడా విమానం ఎక్కాల్సిందే. ఆ పాపను వాళ్లూ తీసుకోరు, మనవాళ్లు కూడా కాదంటే ఎక్కడిది అనుకోవాలి? తప్పు చేసింది మూడేళ్ల పిల్లా?

ఏటూరునాగారం_పోరడు
మంగళవారం, ఉదయం 8:20

చిన్నబాపు అన్నా, నాది ఇంకో రకం. మా బాపు ఊరు కదలలేదు, పుట్టింది అక్కడే, ఉంటున్నదీ అక్కడే. కానీ కాగితాల మీద మూడు జిల్లాలు తిరిగిండు. ఏటూరునాగారం 2016 దాకా వరంగల్ జిల్లా. ఆ అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరిలో ములుగు. ఓటరు కార్డు మీద ఒక జిల్లా, పట్టాదారు పాస్‌బుక్ మీద ఇంకో జిల్లా, ఆధార్ మీద మూడోది. చెల్లె అమెరికాలో కాన్పుకు ఉంది, బాపూ అమ్మా పోవాలని పాస్‌పోర్ట్‌కు పెడితే ఎంక్వైరీకి వచ్చినాయన "ఏందయ్యా మూడు జిల్లాల్లో ఉన్నవు, ఎక్కడోడివి నువ్వు" అని అడిగిండు. బాపు అన్నడు, "నేను గీ అరుగు మీదనే ఉన్న సారూ, జిల్లాలే నా మీదికెళ్లి పోయినయ్."

నాలుగు నెలలు తిప్పి ఇచ్చారు. అప్పటికి మనవడు పాకుతున్నాడు.

రిటైర్డ్_డీటీ
మంగళవారం, మధ్యాహ్నం 12:30

నేను డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైర్ అయినవాడిని. అందరూ మా శాఖను తిడతారు కాబట్టి ముందే చెబుతున్నాను, తిట్టండి, కొంత న్యాయమే.

ఏటూరునాగారం తమ్మీ, మీ నాన్నగారి వయసువాళ్లకు జనన రిజిస్టర్ దొరకకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో మండలాలు లేవు, తాలూకాలు. ఊళ్లో పుట్టినవాళ్లనూ చచ్చినవాళ్లనూ పోలీస్ పటేల్ రాసేవాడు. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, 1985లో మండలాలు వచ్చాయి. ఆ సంధిలో ఎన్నో రిజిస్టర్లు చేతులు మారాయి, కొన్ని మారలేదు, పటేళ్ల ఇళ్ల అటకల మీదే చెదలు తిన్నాయి. నా సర్వీసులో ఒకసారి ఒక పటేల్ మనవరాలు రిజిస్టర్ కాగితాలతో అటుకుల పొట్లాలు కట్టగా చూశాను, నిజం. ఇంకా వెనక్కి పోతే ఉర్దూలో, ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరాల్లో ఉంటాయి. 590 కలిపితే మన సంవత్సరం, అటూ ఇటూ ఒక ఏడాది. పెద్దవాళ్లు ఇక్కడివాళ్లే అని చూపడానికి నేనైతే 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూముల రికార్డు) నకలు తీయమంటాను, తాత పేరు దొరికితే సగం పని అయినట్టే.

ఇక చిన్నబాపు గారికి. మీరు నోటితో అడిగారు, వాళ్లు నోటితో చెప్పారు. ఆఫీసులో నోటి మాటకు ఉనికి లేదు. మీరు ఏడు నెలలు తిరిగారని ఏ ఫైల్లోనూ లేదు, అసలు మీరు వచ్చారనే లేదు. గుమస్తా కాదన్నాడంటే అది తిరస్కారం కాదు. తిరస్కారం అయితే దాని మీద పై అధికారికి అప్పీలుకు పోవచ్చు, కోర్టుకు పోవచ్చు. ఆ భయంతోనే రాయరు. నేనూ రాయలేదు, ఒప్పుకుంటున్నాను. "సెక్షన్‌లో కలవండి" అని పంపేవాళ్లం, సెక్షన్‌వాళ్లు "సార్‌ను కలవండి" అనేవాళ్లు.

కాబట్టి దండ పక్కన పెట్టి, పాప తల్లి పేరుతో ఒక పేజీ అర్జీ రాయండి. కథ వద్దు. ఏం కావాలో ఒక్క వాక్యం, ఏ కాగితాలు జతచేశారో ఒక జాబితా, చివర "కుదరకపోతే కారణంతో రాతపూర్వకంగా తెలపండి" అని. రెండు కాపీలు. వచ్చిన కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్ట్, అక్నాలెడ్జ్‌మెంట్‌తో.

సెంటర్_తమ్ముడు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

డీటీ సార్, రిజిస్టర్డ్ పోస్ట్ ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. అందులోనే రిజిస్ట్రేషన్ అడగాలి.

నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను, ఇలాంటివి వస్తుంటాయి. మా దగ్గర స్క్రీన్ మీద పుట్టిన చోటు అంటే జిల్లా, మండలం, ఊరు ఎంచుకోవాలి. షార్జా అని ఎక్కడ పెట్టాలి? కొందరు "మన ఊరే పెట్టెయ్ తమ్మీ, ఎవరికి తెలుస్తది" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకాయన అట్లా పెట్టించుకొని బర్త్ సర్టిఫికెట్ తీసుకున్నాడు, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో మాత్రం గల్ఫ్ అని ఉంది. రెండూ ఎదురెదురు పెట్టి చూసేసరికి అప్పటిదాకా మామూలు అర్జీ అయింది కాస్తా కేసు అయ్యింది.

జగిత్యాల_అక్క
మంగళవారం, రాత్రి 9:50

తమ్ముడూ, మా చెల్లె కొడుకుది ఇదే కథ, అందుకే లాగిన్ అయ్యాను, నేను రాయక రెండేళ్లయింది. ముందు ఒకటి చెప్పు, పాప ఔట్‌పాస్ నీ దగ్గర ఉందా?

చిన్నబాపు_హన్మకొండ
మంగళవారం, రాత్రి 10:05

లేదక్కా. శంషాబాద్‌లో దిగినప్పుడే ఇమిగ్రేషన్‌వాళ్లు తీసేసుకున్నారట. వదిన ఒక జిరాక్స్ దాచింది, కానీ కింద సగం నల్లగా పడింది. ఫొటో, పేరు, పైన మన మూడు సింహాల గుర్తు కనిపిస్తాయి. నంబర్‌లో చివరి రెండంకెలు పోయాయి. పసుపు కుంకుమ డబ్బాలో మడిచి పెట్టింది, మధ్యలో మడత దగ్గర చిరుగుతోంది.

జగిత్యాల_అక్క
మంగళవారం, రాత్రి 10:30

రేపు పొద్దున్నే దాన్ని స్కాన్ చేయించు, లామినేషన్ మాత్రం చేయించకు. అది బంగారం.

మేం చేసింది చెబుతాను. ఔట్‌పాస్ ఊరికే ఇవ్వరు, తల్లిదండ్రులు ఎవరు, మనవాళ్లేనా అని చూసి దరఖాస్తు రాయించుకొని ఇస్తారు. ఆ దరఖాస్తు ఎంబసీలో ఉంటుంది. బయటి దేశాల్లోని మన ఎంబసీలకూ సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది, ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు ఉంటే అదీ లేదు, కార్డు కాపీ పెట్టాలి. తల్లి పేరుతోనే పెట్టాలి, మనం పెడితే ఇతరుల వ్యక్తిగత సమాచారం అని కొట్టేస్తారు. మాకు మొదట అదే జరిగింది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. ఒకవేళ పాత రికార్డు తీసేశాం అని రాస్తే బాధపడకు, ఆ మాట కూడా కాగితమే, జతచెయ్.

ఆస్పత్రి కాగితం కూడా అనువాదం చేయించి ముద్రలు వేయించాలి. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అయితే అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి, అక్కడి ఒక్క ముద్రతో సరిపోతుంది, కొంచెం తేలిక. యూఏఈ, కువైట్, ఖతార్ అయితే అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత మన ఎంబసీ ముద్ర. అక్కడున్న మన ఊరివాళ్లను పట్టుకొని చేయించుకోవాలి. విదేశాంగ శాఖవాళ్ల మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టు, కనీసం నంబర్ వస్తుంది.

మా పిల్లాడికి అన్నీ కలిపి రెండేళ్ల మూడు నెలలు పట్టింది. మా చెల్లె ఆ రెండేళ్లూ ఎవరింటికీ పెళ్లికి పోలేదు, "మీ వాడి సంగతి ఏమైంది" అని అడుగుతారని.

నల్లకోటు
బుధవారం, ఉదయం 7:40

వకీలును. చట్టం సంగతి తేల్చుకుందాం, లేకపోతే అందరం జాలి దగ్గరే ఆగిపోతాం.

1955 పౌరసత్వ చట్టం ప్రకారం, 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు, తల్లిదండ్రులు ఎవరన్నది సాధారణంగా అవసరం లేదు. ఏటూరునాగారం బాపు ఇందులోకి వస్తాడు, ఆయనకు ఎక్కడ పుట్టాడో చూపిస్తే చాలు. 1987 జులై 1 నుంచి ఇక్కడ పుట్టినవాళ్లకు తల్లీతండ్రీలో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లు కాకూడదు.

బయట పుట్టినవాళ్లది 4వ సెక్షన్. 2004 డిసెంబర్ 3 తర్వాత బయట పుడితే, తల్లిదండ్రులిద్దరూ మనవాళ్లయినా సరే, ఏడాదిలోపు అక్కడి మన కాన్సులేట్‌లో జననం రిజిస్టర్ కావాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. అంటే కష్టమైన మాటే అయినా చెబుతున్నాను: మీ పాపకు ఆధార్, రేషన్, కులం అన్నీ ఉన్నా, కాగితం మీద చట్టం ఆమెను ఇంకా పౌరురాలు అనడం లేదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది, అది ఇక్కడ నివసిస్తున్నందుకు ఇచ్చేది.

దారులు రెండున్నాయి. ఒకటి, 4వ సెక్షన్ కింద ఆలస్యపు రిజిస్ట్రేషన్‌కు కేంద్ర హోం శాఖ అనుమతి. రెండు, 5(1)(డి): పౌరుల మైనర్ పిల్లలను పౌరులుగా నమోదు చేయడం. దీనికి పాప మైనర్‌గా ఉండాలి. 2009లో పుట్టిందంటే 2027లో పద్దెనిమిది నిండుతాయి. టైం లేదు. 5వ సెక్షన్ అక్రమంగా వచ్చినవాళ్లకు వర్తించదు, అందుకే జగిత్యాల అక్క ఆ జిరాక్స్‌ను బంగారం అన్నది. పాప ఈ దేశంలోకి దొంగతనంగా రాలేదు, ఈ దేశం ఇచ్చిన కాగితం మీద వచ్చింది అని చూపే సాక్ష్యం అదొక్కటే.

ఇక జనన మరణాల సెక్షన్‌వాళ్లు "మాకు సంబంధం లేదు" అన్నారు కదా, అది తప్పు. 1969 జనన మరణాల నమోదు చట్టం 20(2) చదవమనండి. బయటి దేశంలో పుట్టిన బిడ్డతో తల్లిదండ్రులు స్థిరపడటానికి తిరిగి వస్తే, వచ్చిన 60 రోజుల్లో ఇక్కడ పుట్టినట్టే ఇక్కడి రిజిస్టర్‌లో నమోదు చేయించుకోవచ్చు. 60 రోజులు దాటితే 13వ సెక్షన్ వర్తిస్తుంది, అంటే ఆలస్యపు నమోదు. ఏడాది దాటినవాటికి 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఉత్తర్వు ఇవ్వాలి. ఇది పౌరసత్వం ఇవ్వదు, కలిపి చూడకండి. కానీ పుట్టిన తేదీకీ తల్లిదండ్రుల పేర్లకీ ఇక్కడి సర్కారు కాగితం ఒకటి పుడుతుంది.

ఫీజుల గురించి భయపడకండి, ఆడవాళ్లకూ పిల్లలకూ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోన్ 15100.

సూటిగా_మాట
బుధవారం, ఉదయం 9:00

చూశారా, వకీలు గారే చెప్పారు, చట్టం ప్రకారం పౌరురాలు కాదు. నేను చెప్పిందీ అదే.

నల్లకోటు
బుధవారం, ఉదయం 9:25

మీరు చెప్పింది అది కాదు. చట్టం తలుపు మూసి, పక్కన రెండు కిటికీలు పెట్టింది. ఆ కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లు ఇక్కడ కిటికీనే లేదంటున్నారు. గొడవ దాని మీద.

బీడీకట్ట
బుధవారం, మధ్యాహ్నం 2:15

ఇప్పుడు పాపకే కదా అనుకుంటున్నారు, రేపు అందరికీ వస్తుంది. 2025లో బీహార్‌లో ఓటరు జాబితా సవరణప్పుడు ఏం జరిగింది? 11 కాగితాల్లో ఏదో ఒకటి తెమ్మన్నారు, అందులో ఆధార్ లేదు. సుప్రీంకోర్టు చెప్పాక 12వదిగా కలిపారు, అదీ గుర్తింపుకే, పౌరసత్వానికి కాదు అని. మా అమ్మ దగ్గర ఆ 11లో ఒక్కటీ లేదు. ఇదంతా చేస్తున్నది

[మిగతా భాగం తొలగించాం. ఈ చర్చ పాప కాగితాల గురించి. పార్టీల గొడవకు వేరే చోటుంది. మోడరేటర్]

కోటగుమ్మం
బుధవారం, రాత్రి 8:00

డీటీ గారూ, వకీలు గారూ, మీ మాటలు బాగున్నాయి కానీ ధర్నా వద్దనడం నాకు నచ్చలేదు. అర్జీలు పెట్టి పెట్టి ముసలివాళ్లయినవాళ్లను చూశాను. నలుగురు కూర్చుంటేనే పై సారు కిందికి దిగుతాడు. చిన్నబాపూ, నేను వస్తా, మా డిపో నుంచి ఇంకో ముగ్గురిని తెస్తా. అయితే ఏమని అడుగుదాం? "పౌరసత్వం ఇవ్వండి" అంటే మా చేతిలో లేదంటారు, అది నిజమే. వాళ్ల చేతిలో ఉన్నది అడగాలి.

రిటైర్డ్_డీటీ
బుధవారం, రాత్రి 8:40

అలా అయితే అట్ట మీద ఒకటే రాయండి: "ఇవ్వకపోతే, ఇవ్వం అని రాసివ్వండి." దీనికి "మా పరిధి కాదు" అనే జవాబు చెల్లదు. రాయడం ఎవరి పరిధిలోనైనా ఉంటుంది.

చిన్నబాపు_హన్మకొండ
సోమవారం, రాత్రి 9:30

ఇవాళ్టి సంగతి. పొద్దున 9 గంటలకే పోయాం. నేను, వదిన, పాప, కోటగుమ్మం అన్న, వాళ్ల దోస్తులు ముగ్గురు. మెడలో దండ వేసుకోలేదు, పాప వద్దంది, కాలేజీవాళ్లు ఎవరైనా చూస్తారని. అట్ట ఒక్కటే. పాపే రాసింది, స్కెచ్ పెన్‌తో, అక్షరాలు గుండ్రంగా.

తపాల్ దగ్గర అర్జీ ఇస్తే మొదట "ఇది ఇక్కడ తీసుకోం" అన్నారు. సరే సార్, తీసుకోం అని ఇదే కాగితం మీద రాసివ్వండి అన్నాం. అతను పక్కాయన దిక్కు చూశాడు, ఆయన లోపలికి పోయాడు, ఇంకో ఆయన బయటికి వచ్చాడు. ఎవరూ కోపం చేయలేదు, అరవలేదు. రాయమనేసరికి అందరి చేతులకూ ఏదో అడ్డం పడ్డట్టు. పావుగంట అట్లనే నిలబడ్డాం. వెనక లైన్‌లో ఒక ముసలవ్వ పింఛన్ కాగితంతో ఉంది, ఆమె కూడా "నాకూ రాసియ్యుమను బిడ్డా" అంటూ మా అట్ట పక్కన నిలబడింది.

పదకొండున్నరకు అర్జీ తీసుకున్నారు. ముద్ర పడింది, నంబర్ పడింది. ఏడు నెలల్లో మొదటిసారి మేం వచ్చినట్టు ఒక కాగితం ఉంది. వదిన దాన్ని కూడా కుంకుమ డబ్బాలో పెట్టబోతే గుంజుకున్నాను.

20(2) సెక్షన్ ప్రింట్ తీసి జతచేశాను. ఎంబసీకి సమాచార హక్కు దరఖాస్తు వదిన పేరుతో నిన్ననే పెట్టాం. 5(1)(డి) దరఖాస్తు ఆన్‌లైన్‌లో మొదలుపెడితే పాస్‌పోర్ట్ నంబర్ దగ్గర ఆగింది.

నల్లకోటు
సోమవారం, రాత్రి 10:10

అక్కడ ఆగితే ఆ పేజీ ప్రింట్ తీయండి. "పాపకు ఏ దేశపు పాస్‌పోర్టూ ఎప్పుడూ లేదు" అని తల్లి అఫిడవిట్, ఔట్‌పాస్ జిరాక్స్ కలిపి కలెక్టర్ గారి పేరుతో కాగితం మీద ఇవ్వండి, ఈ దరఖాస్తులు అక్కడి నుంచే రాష్ట్ర హోం శాఖకు, తర్వాత కేంద్రానికి పోతాయి. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేద్దాం. ఇప్పుడు మన చేతిలో ఇన్‌వార్డ్ నంబర్ ఉంది. అది లేకుండా వేస్తే "వీళ్లు మమ్మల్ని అసలు అడగనే లేదు" అంటారు.

ఖల్లీవల్లి_2011
సోమవారం, రాత్రి 11:55

అన్నా, ఆస్పత్రి కాగితం స్కాన్ నాకు పంపు. ఏ దేశమో మెసేజ్‌లో చెప్పు. అన్ని దేశాల్లోనూ మన జగిత్యాల, సిరిసిల్లవాళ్లు ఉన్నారు, సెలవు దొరికిన రోజు ఎవరో ఒకరు పోయి కనుక్కుంటారు. ఆస్పత్రి రికార్డులో తల్లి పేరు ఉంటుంది.

సూటిగా_మాట
మంగళవారం, ఉదయం 7:15

నేను అన్నమాట వెనక్కి తీసుకోను, రిజిస్టర్ చేయించాల్సింది. కానీ తపాల్‌లో తీసుకోకపోవడం అన్యాయమే. అరబ్బీ అనువాదానికి సాయం కావాలంటే మా మామయ్య హైదరాబాద్‌లో చేస్తాడు, నోటరీతో కలిపి. డబ్బులు వద్దు.

చిన్నబాపు_హన్మకొండ
నెలా పదిహేను రోజుల తర్వాత, శనివారం, రాత్రి 10:20

చాలామంది మెసేజ్‌లో అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఎంబసీ నుంచి జవాబు వచ్చింది. ఔట్‌పాస్ దరఖాస్తు దొరికింది. రెండు పేజీల కాపీ పంపారు. అందులో అన్న సంతకం ఉంది. పాప దాన్ని చాలాసేపు చూసింది, వాళ్ల నాన్న తెలుగులో సంతకం చేస్తాడని దానికి తెలియదట. చిరిగిన జిరాక్స్‌లో పోయిన రెండంకెలు కూడా దొరికాయి.

జనన నమోదుకు నాన్ అవైలబిలిటీ వచ్చింది. "ఇక్కడ పుట్టలేదు కాబట్టి లేదని కూడా ఇవ్వలేం" అన్న అదే గుమస్తా ఇచ్చాడు, 20(2) ప్రింట్ చదివి "ఇట్లాంటిది ఒకటుందని మాకు ఎవరూ చెప్పలేదన్నా" అన్నాడు. నమ్ముతాను. చాయ్ తాగించాడు కూడా.

ఆర్డీవో ఎంక్వైరీకి పిలిచి వదిన వాంగ్మూలం, ఇద్దరు ఊరి పెద్దల సంతకాలు తీసుకున్నారు. పౌరసత్వం దరఖాస్తు పైకి పంపినట్టు నిన్న మెమో ఇచ్చారు, ఫైల్ నంబర్‌తో. అక్కడ ఎన్ని రోజులో తెలియదు, వకీలు గారు రిట్ కాగితాలు తయారుగా పెట్టారు.

మెమో ఇంటికి తెచ్చి పాప చేతికిచ్చాను. రెండుసార్లు చదివి, "చిన్న బాపూ, బాపు పేరు తప్పు పడ్డది" అంది. చూస్తే నిజమే, ఒక అక్షరం ఎక్కువ పడింది. ఇది ఇలాగే పైకి పోతే అన్న చనిపోయిన సర్టిఫికెట్‌తో సరిపోదు.

సోమవారం దిద్దించడానికి పోతున్నాం. కోటగుమ్మం అన్నా, అట్ట నీ దగ్గరే ఉంది కదా, పట్టుకొని రా.